పనిమంతుడి తండ్రి శాస్త్రం

దొంగతనానికి శాస్త్రం ఉంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వెయ్యబోతూ, ముందు ఆ విద్యకు ఆద్యులైన గురువులకు దణ్ణం పెట్టుకుంటాడు. కాల్చిన ఇటుకల గోడైతే ఎలా, పచ్చి ఇటుకలైతే ఎలా, మట్టి గోడైతే ఎలా అని పాఠం వల్లె వేసుకుంటాడు. కొలతాడు తేవడం మరిచిపోయి, జంధ్యంతో కొలుచుకుని పని కానిస్తాడు. ఏనుగులకు శాస్త్రం ఉంది, గుర్రాలకు ఉంది. బల్లి ఎడం భుజం మీద పడితే ఏమవుతుందో చెప్పే శాస్త్రం ఏటా పంచాంగంలో అచ్చవుతూనే ఉంది. కానీ కొడుకు వెల్డరైతే తండ్రి వీధిలో ఎలా నడుస్తాడు, కూతురు మగ్గం వర్కు చేస్తే తల్లి పెళ్ళిపందిట్లో ఎటు తిరిగి నిలబడుతుంది అన్న విషయం మీద మన వాఙ్మయంలో ఒక్క తాటాకు ముక్క లేదు. పండితులు తమ కొడుకుల్ని పండితుల్నే చేశారు గనక వాళ్ళకీ అవసరం పడి ఉండదు. ఆ పని ఇప్పుడు మన మీద పడింది.

అధికారి

ఏ శాస్త్రానికైనా అధికారి, అంటే అర్హుడు, ఎవరో ముందు తేల్చాలి. కొడుకు పుట్టినందుకు పొంగిపోయేవాడు ఇక్కడ అధికారి కాడు. తండ్రికి ఆ సంతోషం పుట్టిన రోజున కాదు, వాణ్ణి నలుగురూ మెచ్చుకున్న రోజున కలుగుతుందని సుమతీ శతకకారుడు ఎప్పుడో తేల్చేశాడు. చిక్కంతా ఆ నలుగురితోనే. కొడుకు కలెక్టరైతే నలుగురూ అడక్కుండానే వస్తారు, ఫ్లెక్సీ కూడా వాళ్ళే కట్టిస్తారు. పైపులు అతికేవాణ్ణి మెచ్చుకోడానికి నలుగురు ఎక్కణ్ణుంచి రావాలి? పైపు పగిలిన రోజున నలభై మంది వస్తారు. పగలని రోజున ఎవరూ రారు. ఆ ఖాళీ జాగాలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడే పనిమంతుడి తండ్రి.

అధికారికి ఉండవలసిన రెండో అర్హత: అతను ఒకప్పుడు ఇదే పనికి సిగ్గుపడి ఉండాలి. ఇది లేనిదే శాస్త్రంలో ప్రవేశం లేదు. మన దేశంలో ఐటీఐలకు మూలమైన శిక్షణ పథకం 1950లోనే మొదలైంది. ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఇంకా ఎన్నో. ఇన్నేళ్ళయినా పదో తరగతి పూర్తయిన పిల్లవాడు ఐటీఐలో చేరతానంటే ఇంట్లో ఆ పూట అన్నం సహించదు. పెదనాన్న కొడుకు ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాడన్న సంగతి తల్లి పప్పు వడ్డిస్తూ ఒకసారి, మజ్జిగ పోస్తూ ఒకసారి గుర్తుచేస్తుంది. తండ్రి గోడ వైపు చూస్తాడు. చుట్టాలెవరైనా అడిగితే “మావాడు టెక్నికల్ లైన్లో ఉన్నాడండీ” అంటాడు. వెల్డరు అన్న మాట నోరు దాటదు. ఆ రోజు మింగేసిన మాట లోపల అసలుగా ఉండిపోయి, నూటికి రెండు చొప్పున వడ్డీ పెరిగి, పదేళ్ళ తర్వాత ఒక్కసారిగా బయటికొస్తుంది. పనిమంతుడి తండ్రి మాట్లాడ్డం మొదలెడితే ఎందుకు ఆపడు అన్న ప్రశ్నకు ఇదే సమాధానం. ఆయన మనతో కబుర్లు చెప్పడం లేదు, బాకీ తీరుస్తున్నాడు.

ఏయే వృత్తులకు ఈ శాస్త్రం వర్తిస్తుంది? 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్ని లెక్కగట్టింది. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, తాపీమేస్త్రీ, దర్జీ, వలలు అల్లేవారు, పూలదండలు కట్టేవారు అందులో ఉన్నారు. ఏసీ మెకానిక్కు లేడు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో వడ్రంగం ఉంది, సూదిపని ఉంది, అక్కడా ఏసీ మెకానిక్కు లేడు. ఆ రోజుల్లో విసనకర్రలతో సరిపోయేది గనక అది క్షమించదగిన లోపమే. తల్లిదండ్రులకు మాత్రం ఈ జాబితాలతో పని లేదు. పని చేతితో చెయ్యాలి, అది అందరికీ చేతకాకూడదు. అంతే.

ఇతిహాసం

ఆకరం చూపని శాస్త్రాన్ని ఎవరూ ఒప్పుకోరు గనక రామాయణానికి వెళదాం. యుద్ధకాండ. రాముడు మూడు రాత్రులు దర్భల మీద పడుకుని సముద్రుడి కోసం చూశాడు, రాకపోయేసరికి విల్లెత్తాడు. సముద్రుడు పైకొచ్చి చెప్పిన మాట ఇది: మీ సేనలోనే నలుడున్నాడు, విశ్వకర్మ కొడుకు, తండ్రికి సాటివచ్చే పనివాడు, వాడి చేత కట్టించుకోండి. అప్పుడు నలుడు లేచి, అవును, నాకు చేతనవును, ఎవరూ అడక్కుండా నా గొప్ప నేనే ఎలా చెప్పుకుంటాను అన్నాడు.

చూశారా? మూడు రోజుల పాటు రాముడు పస్తుండి దారి అడుగుతుంటే, ఆ దారి వెయ్యగలవాడు సేనలోనే కూర్చుని నోరు మెదపలేదు. ఇందులోంచే మన మొదటి సూత్రం పుట్టింది. చేసినవాడు చెప్పడు, చెప్పేవాడు చెయ్యలేదు. ఈ రెంటికీ మధ్య వంతెన వెయ్యడానికి ఒక తండ్రి కావాలి. విశ్వకర్మే గనక ఆ ఒడ్డున ఉండి ఉంటే మొదటి రోజు పొద్దున్నే సుగ్రీవుడి భుజం తట్టి, “మావాడున్నాడు, ఓ మాట అడగండి, బద్ధకం వాడికి, నేను చెప్తే వినడు” అనేవాడు. ఆయన లేకపోబట్టే ఆ బాధ్యత సముద్రుడి మీద పడింది, సముద్రుడు చెప్పడానికి మూడు రోజులు పట్టింది, మధ్యలో బాణం దాకా వచ్చింది.

పని లెక్క కూడా వాల్మీకి రాసిపెట్టాడు. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, తర్వాత 21, 22, 23. 5 రోజుల్లో 100 యోజనాలు. మొదటి రోజు తక్కువెందుకయిందో ఏ మేస్త్రీనడిగినా చెప్తాడు, సామాను చేరడానికీ మనుషులు కుదురుకోడానికీ పోతుందని. వాల్మీకికి పనివాళ్ళ సంగతి బాగా తెలుసు. ఆయన దాన్ని నలసేతువు అనే అన్నాడు. జనం రామసేతువు అన్నారు. ఇల్లు కట్టించినవాడి పేరే గేటు మీద పడుతుంది, ఇందులో ఆశ్చర్యపోవడానికేం లేదు.

ప్రమాణాలు

తండ్రి తన కొడుకు గొప్పవాడని ఎలా నిరూపిస్తాడు? కళ్ళెదురుగా చూపించడం ఒక పద్ధతి, అది ప్రత్యక్ష ప్రమాణం. వడ్రంగి తండ్రికి ఇది సులువు. ఇంటికొచ్చినవాణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో ఆయన ముందే నిర్ణయించుకుని ఉంటాడు, మీరు వేరే కుర్చీ లాక్కుంటే “అది కాదండీ, ఇటు రండి” అంటాడు. ఎందుకో మీకు టీ చల్లారేదాకా తెలియదు.

అనుమాన ప్రమాణం ఇంతకంటే సూక్ష్మమైనది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఏసీ మెకానిక్కు తండ్రి చుట్టాలింటికి వెళ్ళి, గోడ మీది ఏసీ నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారడం చూస్తాడు. నీళ్ళు గదిలోకి కారుతున్నాయి కనుక డ్రెయిన్ పైపుకు వాలు సరిగా పెట్టలేదు. వాలు సరిగా పెట్టలేదు కనుక బిగించినవాడు మావాడు కాదు. మావాడు కాదు కనుక మావాడు గొప్పవాడు. ఇంత తర్కం ఆయన మనసులోనే నడిపించి పైకి మాత్రం, “ఎవరు పెట్టారండీ దీన్ని?” అని ఒక్క ముక్క అంటాడు. అందులో ఉన్న విషం ఇంటి యజమానికి తెలుస్తుంది. ఆ తర్వాత కాఫీ కాస్త పలచగా వస్తుంది.

శబ్ద ప్రమాణం అంటే పెద్దల మాట. “ఇంజనీరుగారే అన్నార్ట, నువ్వు లేకపోతే ఈ పని ఇవాళ తేలేది కాదురా అని.” ఆ ఇంజనీరును ఎవరూ చూడలేదు. వేదం కూడా ఎవరూ రాస్తుండగా చూడలేదు.

ప్లంబరు తండ్రి పరిస్థితే అన్నిటికంటే కష్టం. కొడుకు చేసిన పనంతా గోడ లోపల, టైల్సు వెనకాల, నేల అడుగున ఉంటుంది. పని బాగా చేశాడనడానికి రుజువేమిటంటే అక్కడ చెమ్మ లేకపోవడం. లేనిదాన్ని ఎలా చూపించడం? ఒక వస్తువు కనిపించకపోవడమే అది లేదనడానికి ప్రమాణం అన్న సిద్ధాంతాన్ని అనుపలబ్ధి అంటారు. దీన్ని కుమారిల భట్టు సంప్రదాయపు మీమాంసకులు ఒప్పుకుంటారు, అద్వైతులు ఒప్పుకుంటారు, తర్కం చెప్పే నైయాయికులు ఒప్పుకోరు. కనుక ప్లంబరు తండ్రి నైయాయికుడుగా ఉండడానికి వీల్లేదు. ఆయన అతిథిని తీసుకెళ్ళి బాత్‌రూము బయటి గోడ చూపిస్తాడు. తెల్లగా ఉంటుంది. “చూడండి” అంటాడు. అతిథి చూస్తాడు. “ఏమైనా కనిపిస్తోందా?” “ఏం లేదండీ.” “అదీ!” మీమాంసా సూత్రాలకు ఇంత చిన్న భాష్యం ఇంతవరకు ఎవరూ రాయలేదు.

నింద

ఇక్కడ శాస్త్రం కాస్త లోతుకు దిగుతుంది. కన్నబిడ్డను ఎదటే పొగిడితే దిష్టి తగులుతుందనీ, ఆయుక్షీణమనీ మనకొక గట్టి నమ్మకం. పొగడకుండా ఉండలేడు, పొగడకూడదు. ఈ ఇరుకులోంచి తండ్రి కనిపెట్టిన దారే నింద. ఆలంకారికులు దీన్ని వ్యాజస్తుతి అని నిర్వచించి, ఉదాహరణలు రాజుల మీదా దేవతల మీదా చెప్పి ఊరుకున్నారు. అసలైన ఉదాహరణలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దొరుకుతాయి.

సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు పల్లెల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఇళ్ళలోంచి వెల్డర్లూ, పైపు ఫిట్టర్లూ, రిగ్గర్లూ బయల్దేరి గల్ఫుకీ సింగపూరుకీ పోతుంటారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరిని నేలకు పడుకోబెట్టాక, తోటను నమ్ముకున్న తండ్రికంటే చేతిపని నేర్చుకున్న కొడుకే ఇంటికి దిక్కయిన చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ ఇంటి పెద్దాయన నన్ను చూసి, “గేటు సూస్తన్నారేటి?” అన్నాడు. నేను చూస్తున్నది గేటును కాదు, దాని అవతల నిలబడి నా చెప్పులకేసి చూస్తున్న కుక్కను.

“బాగుందండీ” అన్నాను.

“ఏటి బాగు బాబూ! రెండేళ్ళకి సెలవుకొచ్చినాడు. తిని తొంగోమంటే ఇనడు. సుట్టాలిళ్ళకెల్లమంటే ఎల్లడు. వొచ్చిన మూడోనాడే ఇనప సామానట్టుకొచ్చి పెరట్లో కూకున్నాడు. ఎర్రి గుంటడు.”

అని, నా చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళి, చట్రం మూల అతుకు మీద నా వేలు పెట్టించాడు. “గరుకు తగిల్తంటే సెప్పండి.”

తగల్లేదు. అతుకు మీద గీతలన్నీ ఒకే కొలతలో, చేప పొలుసుల్లా వరసగా ఒకదాని మీదికొకటి ఒరిగి ఉన్నాయి. మామూలుగా గేట్లు చేసే చోట అతుకు ఎలా పడితే అలా వేసి, తర్వాత గ్రైండరుతో అరగదీసి, రంగు పూసి పాపాన్ని కప్పేస్తారు. దీనికి గ్రైండరు తగల్లేదు. ఆ సంగతి నేను గమనించానో లేదో అని పెద్దాయన నా మొహంలోకి చూసి, గమనించలేదని నిర్ధారించుకుని, “గ్రైండరెట్టలేదు” అని తనే చెప్పాడు. చెప్పి వెంటనే, “బద్ధకం” అన్నాడు.

తర్వాత పాఠం మొదలైంది. కొడుకు సిక్స్ జీ పరీక్ష పాసయ్యాడు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు, మనిషే దాని చుట్టూ తిరగాలి. కింద తల వెల్లకిలా పెట్టి, పక్కన ఒంగి, పైన నిలబడి, ఒక్క అతుకులోనే అన్ని కోణాలూ తేల్చాలి. అయ్యాక ఎక్సరే తీస్తారు. మనుషులకు ఎముక విరిగితే తీస్తారు, పైపుకు అతికితే తీస్తారు. లోపల గాలి బుడగున్నా, స్లాగు ముక్క ఇరుక్కున్నా, అడుగున రెండంచులూ కరిగి కలవకపోయినా ఫిల్ములో దొరికిపోతుంది.

“సిక్స్ జీ బాబూ” అన్నాడు పెద్దాయన. “ఈ సెల్లులింకా ఫైవ్ జీ కాడే ఉన్నాయి.”

ఈ పోలికను ఖండించే శాస్త్రబలం ఆ క్షణాన నా దగ్గర లేదు, ఇప్పుడూ లేదు.

ఇంకో సంగతి చెప్పాడు. పెద్ద రిఫైనరీ పనుల్లో ప్రతి అతుకు పక్కనా అతికినవాడి నంబరు వేస్తారు. రేపు అది కారితే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియాలి కదా. నంబరు వేశాక, వేడి పైపయితే దాని చుట్టూ ఇన్సులేషను చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పేస్తారు. ఇక ఆ నంబరు ఎవరికీ కనపడదు. కారనంత కాలం కనపడదు. “మావోడి నెంబరు అలాగ సేనా వుంటాయి బాబూ లోపల” అన్నాడాయన, దూరంగా ఎక్కడో ఎడారిలో ఉన్న పైపులను తన పెరటి గోడ మీదుగా చూస్తున్నట్టు. అని, వెంటనే సర్దుకుని, “ఏటి లాభం? ఫోను సెయ్యడు” అన్నాడు.

కొడుకు అప్పుడు లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. వింటున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

ఈ నిందకు ఇంకో ఉపయోగం ఉంది. ఎలక్ట్రీషియన్ ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా? హాల్లో స్విచ్‌బోర్డుకు మూత ఉండదు, తీగలు బయటికి వేలాడుతుంటాయి, ఫ్యాను ఏడాదిగా కటకటమంటూ ఉంటుంది. మరొకరైతే సిగ్గుపడతారు. తండ్రి ఒక్క క్షణం కూడా తడబడడు. “మా ఇంట్లోది ఎప్పుడు చూస్తాడండీ వాడు, ఊళ్ళోవాళ్ళదే తెమలదు.” ఆ ఫ్యాను బాగుపడిన రోజున ఆయన దగ్గర చెప్పుకోడానికి ఒక వాక్యం తగ్గిపోతుంది గనక ఆయన కూడా తొందరపెట్టడు.

వెన్ను

తల్లి ప్రకరణం వేరుగా రాయాలి. తల్లికి అరుగు లేదు, ఆమె వేదిక పెళ్ళిపందిరి.

మగ్గం వర్కు అంటే చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, బట్టర్ పేపరు మీద సూదితో చిల్లులు పొడిచిన డిజైనును దాని మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్ది గుర్తులు దింపి, ఆ గుర్తుల మీద ఆరి సూదితో పూసలూ, జర్దోసీ, కుందన్లూ కుట్టడం. రోజుల తరబడి మెడ వంచి కూర్చునే పని. ఈ పనంతటికీ పట్టాభిషేకం జరిగేది జాకెట్టు వెనక వైపున. నెమళ్ళు, ఏనుగులు, పల్లకీలు, ఈ మధ్య అయితే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, అన్నీ వీపు మీదే.

దీనివల్ల తల్లికి ఒక విచిత్రమైన కష్టం వచ్చిపడింది. కూతురు కుట్టిన జాకెట్టును లోకానికి చూపించాలంటే లోకానికి వీపు చూపించాలి. యుద్ధనీతిలో వెన్ను చూపడం ఓటమి. ఈ శాస్త్రంలో అదే విజయం. పైట నిండుగా కప్పుకుని తిరిగే అలవాటున్న ఆవిడ ఆ రోజు పైటను సన్నగా మడతపెట్టి పిన్ను గుచ్చుకుంటుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో రెండు మాటలాడి, ఎవరో పిలిచినట్టు చటుక్కున వెనక్కి తిరుగుతుంది. ఎవరూ పిలవలేదు. మళ్ళీ ఇటు తిరుగుతుంది. ఇలా రెండుసార్లు తిరిగేసరికి ఎదుటావిడ అడగక తప్పదు.

“వదినా, జాకెట్టు ఎక్కడ కుట్టించావు?”

“కుట్టించడమేవిటి, మా అమ్మాయే. ఏం చెప్పను, రాత్రి పన్నెండైనా ఆ మగ్గం ముందునుంచి లేవదు. కళ్ళు పోతాయే అంటే వినదు. నాకొద్దే, ఈ వయసులో నాకెందుకే అన్నాను కూడాను.”

వీడియో తీసేవాడు ముందునుంచి తీసి వెళ్ళిపోతే మాత్రం ఆవిడకు ఆ పెళ్ళి భోజనం రుచించదు. గ్రూపు ఫొటోల సంగతి ఇంకా దారుణం.

పూర్వపక్షం

కాకి పిల్ల కాకికి ముద్దు, దీనికింత శాస్త్రమెందుకు అని ఒక పూర్వపక్షి లేస్తాడు. ఆయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పనిమంతుడి తండ్రిది గర్వం కాదు, ఓదార్పు అని ఆయన వాదం. చేతికి మసి అంటే పని గురించి ఇన్ని మాటలు చెప్పుకోవడమే దానికి సాక్ష్యమనీ, తను మాత్రం డల్లాస్ అన్న ఒక్క మాటతో ఊరుకుంటాననీ అంటాడు.

సమాధానం. ఊరుకోక ఏం చేస్తాడు పాపం? తర్వాతి ప్రశ్న “ఏం పని?” అని వస్తే “ఏదో బ్యాంకు ప్రాజెక్టుట” దగ్గర ఆయన కథ ముగుస్తుంది. ఆయన చేతిలో ఉన్నది శబ్ద ప్రమాణం ఒక్కటే. వేలు పెట్టించడానికి గేటు లేదు, కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు, చూపించడానికి చెమ్మ లేని గోడైనా లేదు. కారు ఫొటో ఉంది గానీ ఆ కారు వాడు చేసింది కాదు. పనిమంతుడి తండ్రి ఎక్కువ మాట్లాడతాడన్నది నిజమే. చెప్పడానికి ఉంది గనక మాట్లాడతాడు. కొడుకు పనిని అరువు తెచ్చుకుని ఆయన ఈ వయసులో వెల్డింగులో రూటు పాసంటే ఏమిటో, ఏసీలో గ్యాసు ఎక్కించే ముందు వ్యాక్యూము ఎందుకు చెయ్యాలో నేర్చుకున్నాడు. సగం తప్పుగానే నేర్చుకుని ఉండొచ్చు. కొడుకు చేసే పనిని సగం తప్పుగానైనా చెప్పగలిగిన తండ్రులు డల్లాస్ వైపు ఎంతమందో పూర్వపక్షి చెప్పాలి.

పెళ్ళి సంబంధాల బజారులో మాత్రం పూర్వపక్షమే గెలుస్తోందని ఒప్పుకోవాలి. అక్కడ శాస్త్రాలు చెల్లవు.

గురుపుత్ర ప్రకరణం

తండ్రిదీ అదే వృత్తి అయితే? అప్పుడు సంగతి మారిపోతుంది. ప్లంబరు తండ్రికి పైపు తెలియదు గనక కొడుకు చేసినదంతా అద్భుతమే. శిల్పి తండ్రికి శిల్పం తెలుసు. అక్కడ గర్వమూ పోటీ ఒకే కంచంలో తింటాయి.

ఇందుకు పాతకాలపు ఉదాహరణ జక్కన. 1964లో అక్కినేని నాగేశ్వరరావు వేసిన ‘అమరశిల్పి జక్కన’ వల్ల మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఐతిహ్యం. బేలూరు గుడిలో జక్కన మలిచిన విగ్రహంలో దోషం ఉందని ఒక కుర్రవాడు అంటాడు. దోషముంటే నా చెయ్యి నరుక్కుంటానని జక్కన పంతం పడతాడు. విగ్రహమంతా గంధం పూస్తే బొడ్డు దగ్గర తప్ప అంతటా ఆరుతుంది, అక్కడ ఉలి వేస్తే నీళ్ళూ ఇసుకా కప్పా బయటపడతాయి. జక్కన అన్నమాట ప్రకారం చెయ్యి నరుక్కుంటాడు. ఆ కుర్రవాడు తన కొడుకు డంకణుడేనని తర్వాత తెలుస్తుంది. ఇచ్ఛాపురం దాటి ఇంకాస్త పైకి పోతే కోణార్క. అక్కడి ఐతిహ్యం 12 ఏళ్ళ ధర్మపదుడిది. 1200 మంది శిల్పులు ఎక్కించలేని శిఖరాన్ని ఆ పసివాడు ఎక్కించి, ఆ మాట రాజుకు తెలిస్తే తండ్రి బిశు మహారాణాతో సహా అందరి తలలూ పోతాయని సముద్రంలో దూకేశాడు.

రెండు కథల్లోనూ కొడుకు తండ్రిని మించాడు. ఒకచోట తండ్రి చెయ్యి పోయింది, ఒకచోట కొడుకు ప్రాణం పోయింది. కొడుకు పని బాగుందని ఒక్క మాట అనడానికి పూర్వం ఇంత ఖర్చయ్యేది. మన కాలంలో ఇది బాగా చవకైంది. సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకుంటే, కొడుకు విజయ్ ఆ విద్యనే పట్టుకుని అదే పేరు నిలబెట్టాడు. ఎవరి చెయ్యీ తెగలేదు. మామూలు ఇళ్ళలో అయితే తండ్రి కొడుకు చేసిన తలుపును అటూ ఇటూ తిప్పి చూసి, బందు దగ్గర వేలితో తట్టి, “ఊఁ” అంటాడు. వడ్రంగి కొడుకు ఆ ఒక్క ఊఁ కోసం ఎన్ని తలుపులు చేశాడో లెక్కపెట్టిన శాస్త్రం వేరే రావాలి.

సాత్త్విక భావాలు

రసం పుట్టిందనడానికి గుర్తులుగా నాట్యశాస్త్రంలో భరతుడు 8 సాత్త్విక భావాలు చెప్పాడు. కొడుకు కళ్ళెదుట పని చేస్తుంటే తండ్రిలో ఇవి ఒక్కొక్కటే కనిపిస్తాయి. చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా నిలబడిపోవడం స్తంభం. ఎవరైనా “మీవాడేనా?” అంటే గొంతు మారడం స్వరభేదం. నిచ్చెన మీద ఉన్న లైన్‌మన్ కొడుకును చూస్తూ కింద నుంచున్న తండ్రికి పట్టేవి చెమటా వణుకూ రెండూ. రోమాంచం, వైవర్ణ్యం గురించి విస్తరించను. ప్రళయం, అంటే మూర్ఛ, మొదటిసారి కొడుకు తెచ్చిన జీతం చూసినప్పుడు.

అశ్రువు దగ్గర మాత్రం ఆగాలి. తెలుగు తండ్రి బయటికి ఏడవడు. కంట్లో నలకపడిందనడం పాతబడిపోయింది, ఎవరూ నమ్మరు. ఇక్కడే వెల్డింగు వృత్తి మిగతా వృత్తులన్నిటికంటే ఒక మెట్టు పైన నిలబడింది. కొడుకు పెరట్లో కూర్చుని గేటు అతుకుతుంటాడు. “నాన్నా, ఇటు సూడకు” అంటాడు. నల్లద్దం లేకుండా ఆ వెలుగు చూడకూడదు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్ళు. తండ్రికి ఇది తెలుసు. అయినా పశువుకు గడ్డి వేసే నెపంతో ఒకసారి, కొబ్బరి మట్టలు సర్దే నెపంతో ఒకసారి అటు వెళ్ళి, పక్కచూపుతో చూస్తూనే ఉంటాడు.

రాత్రి భోజనాల వేళకు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటాయి. ఇల్లాలు బంగాళాదుంప చక్రాలు కోసి తెచ్చి, కళ్ళ మీద పెట్టి, “ఏటి, ఏడుస్తన్నావా?” అంటుంది.

“ఎల్డింగు సూసినాను గదే” అంటాడాయన.

వైద్యుల ప్రకారం అది నిజమే. ఇంత గట్టి సాకు దర్జీ తండ్రికి లేదు, మేస్త్రీ తండ్రికి లేదు, డల్లాస్ తండ్రికి అసలే లేదు.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవారి ఇంటికి ప్లంబరు చెప్పిన రోజున, చెప్పిన వేళకు వస్తాడు. వేసవిలో ఏసీ మెకానిక్కు మొదటిసారికే ఫోను ఎత్తుతాడు. దసరాకు ఇచ్చిన జాకెట్టు దసరాకే చేతికొస్తుంది.

ఒకవేళ రాకపోతే ఆ పనివాడికి మళ్ళీ మళ్ళీ ఫోను చెయ్యకండి. వాళ్ళ నాన్న నంబరు కనుక్కుని ఆయనకు చెయ్యండి. “మీ అబ్బాయి తప్ప ఇంకెవరూ చెయ్యలేరంటున్నారండీ అందరూ” అనండి. మర్నాడు పొద్దున్నే సామాను సంచీతో గుమ్మంలో ఉంటాడు. ఈలోగా తండ్రిగారి మాట మాత్రం అరగంట వినవలసి ఉంటుంది, మధ్యలో పెట్టెయ్యడం కుదరదు. ఫోను చార్జింగు చూసుకుని మొదలుపెట్టండి.